వెదకువారి కంటబడు విద్య



నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము కొందఱకు వింతగా తోచవచ్చును. ఒకని వెబ్‌సైటు వెదకువారి కంటబడునట్లు చేసెదమని చెప్పి, సొమ్ము పుచ్చుకొని పనిచేయువారు ఈ కాలమున పట్టణములలో విస్తారముగ నున్నారు. ఆ పనికి ఇంగ్లీషులో సెర్చి ఇంజన్ ఆప్టిమైజేషన్ అని పేరు. పొడి అక్షరములతో ఎస్.ఈ.ఓ. అందురు. వ్యాకరణమును నిఘంటువులను చెప్పి బ్రతికిన బడిపంతులునకు ఈ గొడవ యేల యని మీరు అడుగవచ్చును. ఈ విద్యకు మూలము అకారాది సూచిక. సూచికలలో వ్రేలుపెట్టి వెదకుచు ముప్పదియైదేండ్లు గడిపినవాడను గనుక నాలుగు మాటలు చెప్పుటకు నాకును కొంత యర్హత కలదు. మఱియొక కారణము కూడ నున్నది. ఈ బేరగాండ్రు ఇప్పుడు పల్లెలకును ఫోనులు చేయుచున్నారు. మామిడితోట గలవానికి, పచ్చళ్లు పెట్టు స్త్రీల సంఘమునకు, నేతగానికి, బొమ్మలు చేయువానికి ఫోనుచేసి, “మిమ్ము గూగుల్‌లో మొదటిస్థానమున నిలిపెదము, ఇంత ఇండు” అని అడుగుచున్నారు. ఇచ్చుటకు ముందు ఆ పని యెట్టిదో తెలిసికొనుట అవసరము గదా!

మన పూర్వులు అమరకోశమును వర్గములుగా కూర్చిరి. స్వర్గవర్గము, వనౌషధివర్గము, సింహాదివర్గము అని విషయమును బట్టి పదములు వరుసగా నుండును. కంఠస్థము చేసినవానికి అది కల్పవృక్షము. చేయనివాడు ఒక్క పదము వెదకవలెనన్నచో, ఆ పదము ఏ వర్గమునకు చెందునో ముందే యెఱిగియుండవలెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అందు పదములు అకారాదిక్రమమున నున్నవి. తొలి యక్షరము తెలిసిన చాలును, బాలుడైనను పదమును పట్టుకొనగలడు.

ఇంటర్నెట్టునందును సరిగా ఈ రెండు పద్ధతులే నడచినవి. 1994లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులిద్దఱు, జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనువారు, వెబ్‌సైటులను విషయమును బట్టి వర్గములుగా పేర్చిరి. యాహూ అను పేరున ప్రసిద్ధికెక్కిన ఆ పట్టిక ఒక విధమైన అమరకోశము. మనుష్యులు చదివి, ఏది ఏ వర్గమునకు చెందునో నిర్ణయించెడివారు. సైటులు వేలు దాటి లక్షలైనప్పుడు ఆ పని మనుష్యులకు అలవి కాలేదు. ఆ పట్టికను 2014లో మూసివేసిరి. రెండవ పద్ధతియే నిలిచినది. అదియే సెర్చి ఇంజను.

దాని పని యిట్టిది. కంప్యూటరు ఒకటి రేయింబవళ్లు పుటవెంట పుట చదువుచు పోవును. ఒక పుటలో మఱియొక పుటకు లంకె యున్నచో ఆ లంకెను పట్టుకొని అచటికిని పోవును. చదివిన ప్రతిపదమును, అది ఏయే పుటలలో నున్నదో, ఒక మహాసూచికలో వ్రాసికొనును. మీరు ఫోనులో ఒక మాట టైపు చేసినప్పుడు అది లోకమంతయు గాలించుట లేదు. ముందే వ్రాసికొన్న సూచికను విప్పి చూచును. కావున సూచికకెక్కని పుట, ఎంత చక్కనిదైనను, వెదకువానికి లేనట్టే.

సూచికకెక్కుట ఒక మెట్టు. లక్ష పుటలలో ఆ మాట యున్నప్పుడు దేనిని ముందు చూపవలెను? బేరమంతయు ఈ రెండవ మెట్టుకడనే యున్నది. మొదటి యంత్రములు మాట యెన్నిసార్లు వచ్చినదో ప్రధానముగా లెక్కించెడివి. లెక్క తెలియగానే మోసము పుట్టినది. అమ్మకందార్లు తమ పుటలో ఒకే మాటను వందసార్లు వ్రాసి, తెల్లని కాగితముపై తెల్లని సిరాతో వ్రాసినట్లు, మనుష్యుల కంటికి కానరాకుండ యంత్రమునకు మాత్రము కనబడునట్లు దాచిరి.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు గూగుల్ సంస్థను స్థాపించిరి. వారును స్టాన్‌ఫర్డు విద్యార్థులే. వారు తెచ్చిన కొత్త తలంపు మన పండితులకు సులభముగ తెలియును. కోలాచల మల్లినాథసూరి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయుచు, పదమునకు ప్రమాణము చూపవలసివచ్చినప్పుడు మాటిమాటికి అమరుని పేర్కొనును. ఇతర వ్యాఖ్యాతలును అట్లే చేయుదురు. ఇందఱు పేర్కొనుటచేత అమరకోశమునకు ప్రామాణ్యము హెచ్చినది. పేర్కొనువాడు ఎవడో యనునదియు ముఖ్యమే. ఊరుపేరు లేని వ్యాఖ్యాత పేర్కొనుట వేఱు, మల్లినాథుడు పేర్కొనుట వేఱు. గూగుల్ వారు లంకెను ఇట్టి ప్రమాణవచనముగా గ్రహించిరి. ఒక పుటకు ఇతరులెందఱు లంకె యిచ్చిరి, ఇచ్చినవారి ప్రతిష్ఠ యెంత, అని లెక్కించి వరుస కట్టిరి. నేడు వరుస కట్టుటకు ఇంకను అనేకాంశములు చేరినవి. వానిలో చాలవఱకు బయటికి చెప్పరు. చెప్పినచో మరల తెల్లసిరా మోసమే వచ్చునని వారికి తెలియును.

ఇంక ఆ పనివాడు మీ సైటునకు చేయు పని యేమి?

మంచి పనివాడు మొదట చూచునది మీరు సూచికకెక్కితిరా లేదా అని. గూగుల్ వారే సెర్చి కన్సోల్ అను సాధనమును ఉచితముగా నిచ్చుచున్నారు. ఏ పుట సూచికలో నున్నది, ఏది లేదు, ఏ మాట వెదకినవారికి మీ పుట కనబడినది, ఎందఱు లోనికి వచ్చిరి అనునవి అందు తెలియును. ఒక్కొకప్పుడు సైటు కట్టినవాడు, పని పూర్తియగువఱకు ఎవరును చూడరాదని, యంత్రమునకు “లోపలికి రావలదు” అని వాకిట ఒక చిన్న ఫలకము వ్రాసి పెట్టును. పని ముగిసిన పిమ్మట దానిని తీయుట మఱచును. ఇల్లు కట్టి, గృహప్రవేశము చేసి, వీధితలుపునకు తాళము తీయనట్లుండును. దానిని తీయుట నిమిషము పని.

తెలుగువారికి ప్రత్యేకముగా నొక చిక్కు కలదు. పూర్వము కొన్ని తెలుగు సైటులు తమతమ స్వంత ఫాంటులతో అచ్చొత్తెడివి. తెరపై తెలుగుగా కనబడినను, లోపల యంత్రమునకు అవి అర్థములేని గుఱుతులే. యూనికోడు అను సర్వసమ్మతమైన పద్ధతి విరివిగా వాడుకలోనికి వచ్చిన పిమ్మట గాని తెలుగు మాటను తెలుగు లిపిలో వెదకుట కుదురలేదు. ఇప్పటికిని మనవారు కరపత్రమును అందముగా వేయించి, దాని ఫొటోనే సైటులో పెట్టుదురు. సరకు పేరు, ఊరు, ధర అన్నియు ఆ బొమ్మలోనే యుండును. ఇప్పటి యంత్రములు బొమ్మలోని అక్షరములను కొంతవఱకు పోల్చుకొనగలవు గాని, దానిని నమ్మి కూర్చుండరాదు. బొమ్మలో నున్నదానిని బొమ్మక్రింద మాటలతో వ్రాయించుట మంచి పనివాని లక్షణము.

పిమ్మట మాటల యెంపిక. ఇది అన్నిటికంటె రసవంతమైన భాగము. ఏటికొప్పాక బొమ్మలనే తీసికొందము. అనకాపల్లి జిల్లాలో వరాహనదీతీరమున నున్న ఆ ఊరివారు అంకుడుకఱ్ఱను తరిణెపట్టి, లక్కతో కలిపిన చెట్టుచేమల రంగులు పూసి, చూడముచ్చటైన బొమ్మలు చేయుదురు. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఏటికొప్పాక పేరు తెలిసినవాడు ఆ పేరుతోనే వెదకును. రోమను లిపిలో ఆ పేరును పకారమొకటి పెట్టి వ్రాయువారున్నారు, రెండు పెట్టి వ్రాయువారున్నారు. పేరు తెలియనివారి మాటయేమి? బెంగుళూరులోనో న్యూజెర్సీలోనో ఉన్న ఒక తల్లి “పసిపిల్లలకు చెక్కబొమ్మలు, సహజరంగులు” అని వెదకును. బొమ్మలకొలువు పెట్టదలచిన యిల్లాలు “కొలువు బొమ్మలు” అని వెదకును. సైటులో “మా కులవృత్తి కళావైభవము” అని మాత్రమే వ్రాసియున్నచో వీరెవ్వరికిని అది కానరాదు. సంస్కృత సమాసములపై ప్రీతిగల నేను ఈ మాట చెప్పుట విడ్డూరమే గాని, ఇచట మన సమాసములకు చోటు లేదు. కొనువాడు ఏ మాట పలుకునో ఆ మాటయే పుటలో నుండవలెను. ఆ మాట యేదో ఊహించుట కాక విచారించి కనుగొనుటయే పనివాని నేర్పు.

ఆ మాటలను పుట తలపేరులో, లోపలి శీర్షికలలో సహజముగా నిలుపుదురు. ప్రతి బొమ్మకు వేఱు పుట, ప్రతి పుటకు వేఱు తలపేరు ఉండవలెను. పది పుటలకును “స్వాగతము” అను ఒకే తలపేరు పెట్టిన సైటులు నేను చూచితిని. కొందఱు పనివాండ్రు కీవర్డ్సు అను నొక చాటు పట్టికలో నూఱు మాటలు నింపి, దానికి వేఱుగా సొమ్ము అడుగుదురు. ఆ పట్టికను వరుస కట్టుటకు తాము వాడుట లేదని గూగుల్ వారు 2009లోనే ప్రకటించిరి. ఆ పద్దుక్రింద ఇచ్చు రూపాయి వృథా.

సైటు ఫోనులో తొందరగా విప్పుకొనుట కూడ లెక్కకు వచ్చును. పుటలోని ప్రధానభాగము 2.5 సెకండ్లలోపల కనబడిన మంచిదని గూగుల్ వారి కొలత. పెద్ద పెద్ద ఫొటోలను తగ్గించి పెట్టుట, అక్కఱలేని ఆర్భాటములు తీసివేయుట ఇందుకు చేయు పనులు. పల్లెలలో సిగ్నలు అంతంతమాత్రము గనుక దీని ప్రయోజనము మనకే యెక్కువ తెలియును.

దుకాణము ఒక ఊర నున్నవారికి అన్నిటికంటె లాభకరమైన పని యొకటి కలదు. అది గూగుల్ పటమున దుకాణముపేరు, వేళలు, ఫోను నమోదు చేయుట. దీనికి గూగుల్ వారు రుసుము పుచ్చుకొనరు. ఇంటర్మీడియెటు చదువు మనుమడు ఒక పూటలో చేయగలడు. దీనికి వేలకు వేలు తీసికొన్నవారిని నేనెఱుగుదును.

లంకెల సంగతి మిగిలినది. మన సరకును గూర్చి పత్రికవారో, విద్యాసంస్థవారో, కళాభిమానులో తమంతట తాము వ్రాసి లంకె యిచ్చిన అది ప్రమాణము. అట్టివారికి మన వివరములు, ఫొటోలు అందజేసి తెలియజెప్పుట న్యాయమైన ప్రయత్నమే. కాని లంకెలను గంపగుత్తగా అమ్మువారు బయలుదేరిరి. అది దొంగసాక్షులను కూలికి తెచ్చుట వంటిది. 2011లో అమెరికాలోని జె.సి. పెన్నీ అను పెద్ద దుకాణసంస్థకై వేలకొలది సంబంధములేని పుటలలో లంకెలు పెట్టబడినవని న్యూయార్కు టైమ్స్ పత్రిక వెల్లడించెను. గూగుల్ వెంటనే ఆ సంస్థ పుటలను వరుసలో చాల క్రిందికి దింపినది. అంతకుముందు 2006లో బి.ఎం.డబ్ల్యూ. కార్ల సంస్థవారి జర్మను సైటు, యంత్రమునకొక పుట, మనుష్యునకొక పుట చూపుచున్నదని, సూచికనుండియే తొలగింపబడినది. తప్పు దిద్దుకొన్న పిమ్మట కొలది దినములకే మరల చేర్చిరి. 2011లో పాండా అను పేరున, 2012లో పెంగ్విన్ అను పేరున గూగుల్ తన వరుసపద్ధతిని మార్చినప్పుడు, పసలేని వ్రాతలతోను కొన్న లంకెలతోను పైకివచ్చిన సైటులు అనేకము క్రిందబడినవి. అంత పెద్ద సంస్థలకు తిరిగి లేచుటకు బలగమున్నది. తరిణె త్రిప్పి బ్రతుకువానికి ఏమున్నది?

నా శిష్యుడొకడు ఏటికొప్పాక పద్ధతిని బొమ్మలు చేయును. పేరు చెప్పుట అతనికి ఇష్టము లేదు. అతనికి ఒక నగరములోని సేవాసంస్థవారు మూడుమాసములలో మొదటిస్థానమని మాటయిచ్చి 60,000 రూపాయలు తీసికొనిరి. రెండవ మాసమున అతని ఫోనులోనే వెదకి చూపి, “ఇదిగో, మొదటివాడవు నీవే” అనిరి. అతడు సంతోషముతో ఆ ఫోను తెచ్చి నాకు చూపెను. కంటద్దములు సవరించుకొని చూచితిని. ఆ వరుసపైన “స్పాన్సర్డ్” అని చిన్న అక్షరములున్నవి. అది ప్రకటన. ఎవరైన దానిని నొక్కినప్పుడెల్ల అతని సొమ్ములోనుండి గూగుల్‌కు కొంత పోవుచున్నది. సొమ్మయిపోగానే ఆ వరుస మాయమైనది. ప్రకటన ఇచ్చుట తప్పు కాదు, అది సంతలో దండోరా వేయించుట వంటిది. దండోరాను చూపి స్థిరాస్తి సంపాదించిపెట్టితిమనుట తప్పు. దానిక్రింద నున్న మామూలు వరుసలలో స్థానమునకు గూగుల్ సొమ్ము పుచ్చుకొనదు. మొదటిస్థానమునకు హామీ ఎవ్వరును ఈయజాలరని గూగుల్ వారు తమ సూచనలలో స్పష్టముగ వ్రాసియున్నారు.

ఇట్టి కనికట్టులు మఱి రెండు కలవు. మీ దుకాణము పూర్తిపేరు టైపు చేసి, చూడుడు మొదట వచ్చినది అందురు. ఆ పేరు లోకమున మఱియొకరికి లేనప్పుడు మొదట రాక యేమగును? లేదా మీ ఊర, మీ ఫోనులోనే వెదకి చూపుదురు. వెదకువాడున్న చోటును బట్టి, అతడు పూర్వము చూచినవానిని బట్టి ఫలితములు కొంత మాఱుచుండును. కావున దూరపు ఊరనున్న బంధువునకు ఫోనుచేసి, వస్తువు పేరుతో, దుకాణము పేరు లేకుండ, వెదకి చూడుమనుడు. నా శిష్యునకు హైదరాబాదులోని మేనమామకొడుకు వెదకి చూచి, అయిదు పుటలవఱకు కానరాలేదని చెప్పెను.

అంతటితో ముగిసినచో డబ్బుతోనే పోయెడిది. అతడు ఒప్పందము చాలించి వేఱొకరిని పెట్టుకొనబోగా, సైటు చిరునామా, అనగా డొమైను, సంస్థవారి పేరనే నమోదైయున్నట్లు బయటపడెను. తిరిగి యిచ్చుటకు మఱికొంత సొమ్ము కావలెననిరి. ఆ చిరునామాను ఇతడు ఆఱేండ్లుగా బొమ్మల పెట్టెలపై అచ్చువేయించుచున్నాడు. పాత ఖాతాదార్లు, ఇతర దేశములవారు, దానినే యెఱుగుదురు. మొదట అది ఇతని పేరననే యుండెడిది. “నిర్వహణ సులభమగును” అని చెప్పి సంతకము పెట్టించి మార్పించుకొనిరట. పొలము కౌలుకిచ్చువాడు పట్టాదారు పుస్తకమును కౌలుదారు పేర మార్చునా? సైటును చేయువాడు కౌలుదారువంటివాడు. డొమైను పట్టా వంటిది. అది మన పేరున, మన యీమెయిలుతో, రుసుము మనమే చెల్లించునట్లుగా నుండవలెను. సెర్చి కన్సోల్, గూగుల్ పటములోని ఖాతా కూడ మనవిగా నుండవలెను. పనివానికి పనిచేయుటకు మాత్రము అనుమతి నీయవచ్చును. అతడు మానుకొన్ననాడు ఆ అనుమతి తీసివేయవచ్చును.

కావున ఎవరైన మీ ఊరివానికి ఇట్టి బేరము తెచ్చినచో, పెద్దలుగా మీరు కూర్చుండి అడుగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. నెలనెల ఏ పుటలో ఏమి మార్చెదరో వ్రాసి యిత్తురా? లంకెలు ఎచటనుండి తెత్తురు, కొని తెత్తురా? ప్రకటనల సొమ్ము వేఱుగా చూపుదురా? డొమైను ఎవరి పేర నుండును? ఇందులో దేనికైన “అది మా వృత్తిరహస్యము” అని సమాధానము వచ్చినచో వారిని మజ్జిగ యిచ్చి పంపివేయవచ్చును. నెలనెల వచ్చు నివేదికలో ఇన్నివేలమంది చూచిరని అంకెలుండును. ఎందఱు ధర అడిగిరి, ఎందఱు కొనిరి అనునదే మనకు కావలసిన లెక్క.

ఫలితమునకు కాలము పట్టును. మార్పులు చేసి వాని ఫలము చూచుటకు సామాన్యముగా నాలుగు మాసములనుండి ఒక సంవత్సరము వఱకు పట్టునని గూగుల్ వారే చెప్పుచున్నారు. దీనికి తోడు 2024నుండి మన దేశమున గూగుల్ కొన్ని ప్రశ్నలకు కృత్రిమమేధచేత కూర్చిన సమాధానమును పుటకు పైననే చూపుచున్నది. “లక్కరంగులు ఎట్లు చేయుదురు” అని అడిగినవానికి అచటనే సమాధానము దొరకిన, అతడు మన పుటలోనికి రాకపోవచ్చును. కొనదలచినవాడు మాత్రము కొనుచోటికి రాక తప్పదు. అందుచేత చిన్నవ్యాపారి తన శ్రమను సరకుల పుటలమీద, ధర, కొలతలు, పంపువిధానము స్పష్టముగ వ్రాయుటమీద పెట్టుట మేలని నా యభిప్రాయము. ఊరక పుటలు నింపుటకు నెలకు ఇరువది వ్యాసములు వ్రాసియిత్తుమనువారిని నేను నమ్మను.

నా శిష్యుడు పాత చిరునామాను విడిచి కొత్తది తన పేరున తీసికొనెను. పాతది చేతిలోనున్నచో, దానికి వచ్చినవారిని కొత్తదానికి మళ్లించి, పాత లంకెల బలమును చాలవఱకు నిలుపుకొనుటకు వీలుండెడిది. అది లేదు గనుక తనకు లంకె యిచ్చిన పత్రికలకు, కళాభిమానులకు ఒక్కొక్కరికి ఉత్తరము వ్రాసి చిరునామా మార్పించుకొనుచున్నాడు. ఆ ఉత్తరముల ప్రతులు నేనే దిద్దుచున్నాను. ఇంతవఱకు పదునాలుగు పోయినవి, తొమ్మిదింటికి జవాబులు వచ్చినవి. ప్రతి బొమ్మకు వేఱు పుట వ్రాయించితిమి. మొన్న హైదరాబాదులో వెదకించగా “కొలువు బొమ్మలు, లక్కరంగులు” అను మాటలకు అతని పుట రెండవ పుటలో నాలుగవదిగా వచ్చినది. ఇది అయిదవ మాసము.